పేర్లు మూడు, మందు ఒకటే

చెల్లీ, పొయ్యి మీద పాలుంటే దించేసి వచ్చి కూచో. ఈసారి నీతో చెప్పాల్సిన మాట కాస్త పొడుగుంది.

మా పాకాలలో ఇప్పుడు ఏ ఇంట్లో చూడు, ఎవరో ఒకరు దగ్గుతా ఉండారు. కార్తీకం వానలు వెలిసినాయో లేదో, ధనుర్మాసం మంచు పట్టుకునింది. తెల్లారి తిరుపతి రైలుకు పోయేవాళ్ళు తలకు తువాలు చుట్టుకొని స్టేషన్లో దగ్గుకుంటా నిలబడతారు. ఇంకో నెల పోతే దామలచెరువు పక్క తోటల్లో మామిడి పూత. పూత మీద మందు కొట్టే దినాల్లో కొందరికి తుమ్ములు ఆగవు. అప్పుడు మందులంగడి ముందర నిలబడితే ఒకటే మాట వినబడుతుంది. “అన్నా, జలుబుకు నాలుగు మాత్రలియ్యి.” ఏ మాత్ర, ఎంత, దినానికి ఎన్నిసార్లు అని ఎవరూ అడగరు. మొన్నటిదాకా నేనూ అడగలేదు.

మొన్న ఏం జరిగిందో చెప్తా.

మా మేనమామ కూతురి పెళ్ళికని మూడు దినాలు తిరుపతిలో ఉండిపోయినాను. ఇంట్లో మా అత్త ఒక్కతే. అరవై ఎనిమిదేండ్లు, బరువు నలభై అయిదు కిలోలు ఉంటే ఎక్కువ, బీపీకి రోజూ మాత్ర. నేను తిరిగొచ్చేసరికి మంచం మీద ముడుచుకొని పడుకోనుంది. పలకరిస్తే కండ్లు తెరుస్తుంది, మళ్ళీ మూస్తుంది. “జలుబు చేసి జొరం తగిలింది మే. మాత్రలేసుకుంటా ఉండాలే, తగ్గిపోతుంది” అనింది. కిటికీ గూట్లో చూస్తే నాలుగు షీట్లు.

ఒకటి డోలో 650. కరోనా వచ్చిపోయినాక ఆ షీటు లేని ఇల్లు మా వీధిలో లేదు. రెండోది మందులంగడిలో ఇచ్చిన జలుబు మాత్ర. మూడోది పక్కింటి వదిన తెచ్చిచ్చిన ఒళ్ళు నొప్పుల మాత్ర. నాలుగోది తుమ్ములకని రాత్రి పూట వేసుకునే సెట్రిజిన్. జొరానికి ఒకటి, జలుబుకు ఒకటి, నొప్పులకు ఒకటి, తుమ్ములకు ఒకటి. ఏ బాధకు ఆ మాత్ర. అత్త తన లెక్క ప్రకారం ఏ తప్పూ చేయలేదు. మనమంతా చేసేదీ అదే కదా చెల్లీ.

అద్దాలు పెట్టుకొని ఒక్కో షీటూ వెనక్కి తిప్పి చదివినాను. డోలో వెనకాల పారాసిటమాల్ 650 మి.గ్రా. అని ఉంది. అది తెలిసిందే. జలుబు మాత్ర వెనకాల నాలుగు పేర్లు. మొదటి పేరే పారాసిటమాల్, 500. గుండె ఝల్లుమనింది. నొప్పుల మాత్ర తిప్పితే ఎసిక్లోఫెనాక్ 100, దాని కిందనే పారాసిటమాల్ 325. షీట్లకు మూడు పేర్లు, మూడు రంగులు. మూడింటిలోనూ ఉండేది అదే మందు.

పాత క్యాలెండరు కాగితం వెనకవైపు పెన్సిలుతో లెక్క వేసినాను. డోలో మూడు పూటలా వేసుకునింది, 1950. జలుబు మాత్రా మూడు పూటలా, 1500. నొప్పుల మాత్ర పొద్దునొకటి, రాత్రొకటి, 650. కూడితే 4100 మిల్లీగ్రాములు. ఆరోగ్యంగా ఉండే పెద్దమనిషికి రోజు మొత్తం మీద 4000 దాటకూడదు అనేది డాక్టర్ల లెక్క. వయసు మళ్ళినవాళ్ళకు, బక్కపలచగా ఉండేవాళ్ళకు, కాలేయం సరిగా లేనివాళ్ళకు, రోజూ తాగే అలవాటున్న మగవాళ్ళకు ఆ హద్దు ఇంకా కిందికి దిగుతుంది. ఇట్లాంటివాళ్ళకు చాలామంది డాక్టర్లు 3000కే, కొందరికి అంతకన్నా తక్కువకే గీత గీస్తారు. మా అత్త రెండు దినాలు ఆ గీత దాటే వేసుకునింది.

ఆ సాయంత్రమే తిరుపతికి తీసుకుపోయినాం. షీట్లన్నీ ఒక కవర్లో వేసి చేతిలో పట్టుకుపోయినాను. రక్తపరీక్ష చేసినారు. కాలేయానికి ఏమీ కాలేదు, ఆ ఏడుకొండలవాడి దయ. బీపీ మాత్రం ఎప్పుడూ లేనంతగా ఎక్కి ఉంది. ఆ మత్తు ఎందుకో, ఆ బీపీ ఎందుకో, డాక్టరమ్మ జలుబు మాత్ర షీటును వేలితో చూపిస్తా ఒక్కో పేరూ విడమరిచి చెప్పింది. నేను విన్నది విన్నట్టు నీకు చెప్తాను. తర్వాత ఇంకా చదివి తెలుసుకున్నదీ కలిపి చెప్తాను.

షీటు ముందువైపు పెద్దక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. అది మనకు అక్కరలేదు. వెనకవైపు చిన్నక్షరాల్లో ఉండేది మందు పేరు, దాని పక్కన ఎన్ని మిల్లీగ్రాములో ఉంటుంది. మనం చదవాల్సింది అది. జలుబు మాత్ర అనేది ఒక మందు కాదు, మూడు నాలుగు మందులు కలిపి బిగించిన బిళ్ళ. జొరానికి పారాసిటమాల్, తుమ్ములకూ ముక్కు కారడానికీ క్లోర్‌ఫెనిరమైన్, ముక్కు దిబ్బడకు ఫినైలెఫ్రిన్, కొన్నిటిలో కెఫీన్ కూడా. నీకు జొరం లేకపోయినా, తుమ్ములు మాత్రమే ఉన్నా, ఆ బిళ్ళ వేసుకుంటే నాలుగూ లోపలికి పోతాయి.

అత్తకు మత్తు ఎందుకు పట్టిందంటే, క్లోర్‌ఫెనిరమైనూ సెట్రిజినూ రెండూ అలర్జీ మందులే. ఒకటి జలుబు బిళ్ళలో ఉంది, ఇంకొకటి విడిగా పడింది. లెవోసెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్, దగ్గు సిరపుల్లో ఉండే డైఫెన్‌హైడ్రమిన్ కూడా ఆ కుటుంబానివే. వీటిలో ఒకటుంటే రెండోది కలపకూడదు. కొన్ని తక్కువ మత్తు, కొన్ని ఎక్కువ మత్తు, అంతే తేడా. ముసలివాళ్ళకు పాతరకం మందులతో మత్తే కాదు, నోరెండిపోతుంది, మాట తడబడుతుంది, రాత్రి బాత్రూముకు లేచి పడిపోతారు. ప్రోస్టేటు వాపున్న తాతలకు ఒంటేలు బిగుసుకుపోతుంది. తుంటి ఎముక విరిగి మంచాన పడిన అవ్వలను మనం ఎందరిని చూళ్ళేదు? ఆ రాత్రి వాళ్ళు ఏ మాత్ర వేసుకున్నారో మనలో ఎవరమూ అడగలేదు. ఇంకో సంగతి. మామిడికాయల లారీ తోలే అన్నకూ, రాత్రి అంగడి మూసి బండి మీద వచ్చే మీ ఆయనకూ ఈ మాత్ర ఇస్తే, వేసుకున్నాక బండి పట్టొద్దని గట్టిగా చెప్పు.

బీపీ సంగతికొస్తే, ఫినైలెఫ్రిన్ రక్తనాళాలను బిగిస్తుంది. ముక్కులో వాపు తగ్గాలని దాన్ని కలుపుతారు. కానీ నాళాలు ముక్కులో మాత్రమే లేవు కదా, ఒళ్ళంతా ఉండాయి. పైగా ఇంకో సంగతి తెలిసి నాకు చాలా కోపమొచ్చింది. 2023 సెప్టెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం కూర్చొని లెక్కలన్నీ చూసి, నోటితో మింగే ఫినైలెఫ్రిన్ ముక్కు దిబ్బడకు పనిచేయడం లేదని తేల్చింది. 2024 నవంబరులో ఎఫ్‌డీఏ దాన్ని అక్కడి జలుబు మందుల జాబితాలో నుంచి తీసేయాలని ప్రతిపాదించింది. ముక్కుకు మేలు చేయని మందు కోసం బీపీ ఉన్న మనిషి ఎందుకు భయపడాలి చెల్లీ? ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలూ బీపీని ఎక్కిస్తాయి, కడుపులో పుండు పెడతాయి, మూత్రపిండాల మీద బరువు వేస్తాయి. బీపీ, గుండె జబ్బు, గ్లకోమా, థైరాయిడ్ ఉన్నవాళ్ళు జలుబు మాత్ర అడిగేటప్పుడు ఆ మాట ముందు చెప్పి తీరాలి.

అమెరికాలో ఉన్న కొడుకో కూతురో వచ్చేటప్పుడు తెచ్చే మందుల పెట్టె కూడా తెరిచి చూడు. అక్కడ పారాసిటమాల్‌ను ఎసిటమినోఫెన్ అంటారు. టైలినాల్ అంటే అదే. డేక్విల్, నైక్విల్ అని రంగురంగుల గొట్టాలు తెస్తారు, వాటిలోనూ అదే ఉంటుంది. అమెరికా మందు కదా, మంచిదని అది వేసుకొని పైన ఇక్కడి డోలో వేసుకుంటే మా అత్త కతే మళ్ళీ.

దగ్గు సిరపుల గురించి ఎక్కువ చెప్పను. పొడి దగ్గును ఆపేది డెక్స్‌ట్రోమెథార్ఫాన్, కఫాన్ని పలచన చేసి పైకి తెచ్చేవి ఆంబ్రాక్సాల్, గ్వైఫెనెసిన్ లాంటివి. కఫం పైకి రావాలంటే దగ్గాలి. దగ్గును ఆపే మందు పోసి కఫం రమ్మంటే ఎట్లా వస్తుంది? దిగులుకు, నిద్రకు మాత్రలు వాడేవాళ్ళు డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న సిరపు డాక్టరును అడక్కుండా తాగకూడదు, కొన్ని మాత్రలతో అది చెడ్డగా కలుస్తుంది. రెండు వారాలు దాటిన దగ్గును సిరపుతో కప్పిపెట్టొద్దు. ప్రభుత్వ ఆస్పత్రిలో కఫం పరీక్ష ఉచితం. టీబీ కాదని తెలిస్తే మనసు నెమ్మది, అవునంటే మందూ ఉచితమే.

ఇప్పుడు బిడ్డల మాట. దీనికోసమే ఈ ఉత్తరం మొదలుపెట్టినాను.

పెళ్ళి చీరలకు మనమంతా కంచికి పోతాం కదా. ఆ కాంచీపురం జిల్లాలోనే ఒక కంపెనీ కోల్డ్‌రిఫ్ అనే జలుబు సిరపు తయారుచేసింది. పారాసిటమాల్, ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమైన్ కలిపిన పిల్లల సిరపు. 2025 సెప్టెంబరులో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో ఆ సిరపు తాగిన బిడ్డలకు ఒంటేలు ఆగిపోయింది. మూత్రపిండాలు చెడిపోయి ఇరవై మందికి పైగా చనిపోయినారు. ఎక్కువమంది అయిదేండ్ల లోపువాళ్ళు. తమిళనాడు అధికారులు పరీక్ష చేస్తే ఆ సిరపులో డైఇథిలీన్ గ్లైకాల్ 48.6 శాతం ఉందని తేలింది. అది విషం. మందులో 0.1 శాతానికి మించి ఉండకూడదు. అక్టోబరులో తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ ఆ సిరపు ఎస్‌ఆర్-13 బ్యాచి వాడొద్దని జనాన్ని హెచ్చరించింది. అదే నెల 13న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోల్డ్‌రిఫ్‌తో పాటు ఇంకో రెండు సిరపుల మీద హెచ్చరిక ఇచ్చింది. ఈ విషం కొత్తది కాదు. 1937లో అమెరికాలో వంద మందికి పైగా చంపింది. 2022లో ఆఫ్రికాలోని గాంబియాలో దాదాపు డెబ్బై మంది బిడ్డలను తీసుకుపోయింది.

ఆ తల్లులు ఏం తప్పు చేసినారు? చాలామంది డాక్టరు చీటీ ప్రకారమే కొన్నారు, చెప్పిన కొలతే పోసినారు. ఆ విషం కంటికి కనబడదు, నాలుకకు తెలియదు, సీసా మీద రాసి ఉండదు. దాన్ని పట్టుకోవాల్సింది కంపెనీ, ప్రభుత్వం. తల్లి మీద ఆ భారం వేయడం అన్యాయం. కానీ ఆ వార్త చదివినప్పటినుంచీ నన్ను ఒక ప్రశ్న తినేస్తా ఉంది. ఆ బిడ్డల్లో చాలామందికి మామూలు జలుబు. ఆ జలుబుకు అసలు ఆ సిరపు అవసరమా?

అవసరం లేదని ప్రభుత్వమే చెప్పింది. 2023 డిసెంబరులోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ, క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందు సీసాల మీద నాలుగేండ్ల లోపు పిల్లలకు వాడొద్దని రాయాలని ఆదేశించింది. 2025 ఏప్రిల్లో ఆరోగ్యశాఖ దాన్నే గెజిట్లోకి ఎక్కించింది. ఛింద్వాడా ఘోరం తర్వాత, 2025 అక్టోబరు 3న, కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేటు రాష్ట్రాలన్నిటికీ రాసింది. రెండేండ్ల లోపు బిడ్డలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దు, ఇవ్వొద్దు. అయిదేండ్ల లోపువాళ్ళకు సాధారణంగా వద్దు. ఆ పైన వయసువాళ్ళకు కూడా డాక్టరు చూసి, సరైన కొలతతో, తక్కువ దినాలు, పలు మందులు కలిపినవి కాకుండా ఇవ్వాలి. ఆ కాగితం ప్రతి ఇంటికీ రాదు. అందుకే నేను రాస్తా ఉండాను.

పలు మందుల కలగలుపుల మీద ప్రభుత్వం ఇంతకుముందూ కత్తెర పెట్టింది. 2016లో 344 రకాలు, 2023 జూన్లో 14, 2024 ఆగస్టులో 156 నిషేధించింది. వాటిలో జలుబు, దగ్గు, జొరం మందులూ ఉండాయి. కాబట్టి బీరువాలో దాచిపెట్టిన పాత షీటు, పోయినసారి పెద్దబ్బోడికి పనిచేసిందని ఉంచిన సగం సీసా బయటికి తీయొద్దు. దాన్ని మళ్ళీ చిన్నబ్బోడికి పోయొద్దు.

జొరమొస్తే మరి? పారాసిటమాల్ ఒక్కటే ఉన్న సిరపు, డాక్టరు చెప్పిన కొలతతో. ఇక్కడే మనం తప్పేది, జాగ్రత్తగా విను. బిడ్డకు కొలత వయసుతో కాదు, బరువుతో. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఒకసారికి. పది కిలోల పాపకు 100 నుంచి 150. ఇంక సీసాలు చూడు. ఒక సిరపులో 5 మి.లీ.కి 120 మి.గ్రా. ఉంటుంది. అదే కంపెనీది, అట్లాంటి డబ్బాలోనే, ఇంకో సిరపులో 5 మి.లీ.కి 250 ఉంటుంది. చంటిబిడ్డల చుక్కల మందులో అయితే ఒక్క మి.లీ.కే 100. మొదటి సిరపు 5 మి.లీ. పోస్తే పది కిలోల పాపకు సరిపోతుంది. రెండో సిరపు అయిదు పోస్తే రెట్టింపు. చుక్కల సీసాలోంచి అయిదు పోస్తే 500 మిల్లీగ్రాములు, పెద్ద మనిషి బిళ్ళంత. “జొరం మందు అయిదు పోసినా వదినా” అని చెప్పుకుంటాం. ఏ సీసాలోంచి అయిదు? ముందుసారి వాడింది అయిపోయి కొత్తది తెచ్చిన ప్రతిసారీ ఆ అంకె మళ్ళీ చదవాల్సిందే.

ఇంక చెంచా. మొన్న మా వంటింట్లో మూడు చెంచాలు తీసి, మందులంగడిలో కొన్న సూది లేని 5 మి.లీ. సిరంజితో నీళ్ళు పోసి చూసినాను. చక్కెర డబ్బాలో చెంచా మూడున్నరకే పొర్లింది. ఉప్మా తినే చెంచా ఏడు పట్టింది. పాయసం చెంచా ఎనిమిది దాటింది. మూడింటినీ మనం ‘ఒక చెంచా’ అనే అంటాం. ఆ సిరంజి కొన్ని రూపాయలకే వస్తుంది. బిడ్డను నిటారుగా కూచోబెట్టి, దవడ పక్కగా మెల్లమెల్లగా పోస్తే ఉమ్మేయదు, పొలమారదు. సీసాతో వచ్చే మూత కొలత పెట్టుకుంటే ఆ సీసాకే వాడు. ఒకదాని మూత ఇంకోదానికి పనికిరాదు.

ఒక మోతాదుకూ ఇంకో మోతాదుకూ మధ్య కనీసం నాలుగు గంటలు, ఆరు గంటలైతే ఇంకా మంచిది. ఇరవై నాలుగు గంటల్లో నాలుగుసార్లకు మించొద్దు. ఇది పాటించాలంటే రాసుకోవాలి. మనిండ్లల్లో బిడ్డను చూసేది ఒక్క తల్లి కాదు కదా. తల్లి తొమ్మిదికి పోసి పనికి పోతుంది. పదిన్నరకు ఒళ్ళు కాలుతుందని అవ్వ పోస్తుంది. మధ్యాహ్నం అత్త ఇంకోసారి. ముగ్గురివీ ప్రేమే. మా ఇంట్లో ఇప్పుడు క్యాలెండరు పక్కనే పెన్సిలు దారంతో కట్టి ఉంది. మందు పోసినవాళ్ళు ఆనాటి గడిలో టైమూ, ఎన్ని మి.లీ.లో రాయాలి. రాయకుండా పోయేదానికి లేదు.

మూడు నెలల లోపు బిడ్డకు జొరమొస్తే ఇంట్లో ఏ మందూ పోయొద్దు, ఆస్పత్రికి పో. ఏ వయసు బిడ్డయినా డొక్కలు ఎగరేస్తా ఉన్నా, ఊపిరి గబగబా తీస్తా ఉన్నా, పెదాలు నీలంగా మారినా, పాలు పట్టకపోయినా, ఆరేడు గంటలుగా ఒంటేలు పోయకపోయినా, లేపితే లేవకపోయినా అర్ధరాత్రి అని చూడొద్దు. 108కి ఫోన్ చెయ్యి. తిరుపతి రుయా ఆస్పత్రి మనకెంత దూరమని?

మామూలు జలుబుకు బిడ్డకు ఏం చేయాలంటావా? తల్లిపాలు ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు. ముక్కు మూసుకుపోతే మందులంగడిలో దొరికే ఉప్పునీటి చుక్కలు, పాలకు ముందు, నిద్రకు ముందు. ఏడాది నిండిన బిడ్డకు రాత్రి పడుకునేముందు అరచెంచా తేనె దగ్గుకు మంచిదే, అది నేనే కాదు, డాక్టర్లూ చెప్పేదే. ఏడాది లోపు బిడ్డకు మాత్రం నాలుకకు కూడా తేనె తగిలించొద్దు. అందులో ఒక్కోసారి ఉండే ఒక సూక్ష్మజీవి చంటిబిడ్డ పేగులో విషం పుట్టిస్తుంది. పేరు పెట్టిన దినం తేనె నాకించే ఆచారం ఉన్నా సరే, వద్దు.

కర్పూరం మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కొబ్బరినూనెలో కర్పూరం కాచి రొమ్ముకు, వీపుకు పూస్తాం. గుడ్డలో మూటగట్టి ఉయ్యాలకు వేలాడదీస్తాం. మా అవ్వా అట్లే చేసింది, నేనూ చేసినాను. కర్పూరం చిన్నబిడ్డ నోట్లోకి పోతే ఫిట్స్ వస్తాయి, ఎక్కువ పూస్తే చర్మంలోంచి కూడా లోపలికి పోతుంది. రెండేండ్ల లోపు బిడ్డకు వద్దే వద్దు. వేపొరబ్ డబ్బా మీద కూడా అదే రాసి ఉంటుంది. గిన్నెలో కాగే నీళ్ళ ముందర బిడ్డను కూచోబెట్టి ఆవిరి పట్టడమూ వద్దు. ఒక్కసారి గిన్నె తన్నితే కాలిన మచ్చ జన్మంతా ఉంటుంది.

పెద్దోళ్ళం మనకు మిరియాల చారు, వేడి గంజి, నోట్లో ఉప్పునీళ్ళు పుక్కిలించడం, రెండు దినాలు పడుకోవడం. జలుబు ఏ మాత్ర వేసినా వేయకపోయినా వారం పది దినాలు ఉండే పోతుంది. మాత్ర ఆ బాధను తగ్గిస్తుంది, జలుబును కాదు.

మందులంగడిలో నువ్వు అడగాల్సింది ఏందంటే, షీటు కత్తిరించి ఇచ్చేటప్పుడు మందు పేరూ గడువు తేదీ ఉన్న ముక్క ఇయ్యమను. లేదంటే పూర్తి షీటును సెల్‌ఫోన్లో ఫోటో తీసుకో. చీటీ లేకుండా నాలుగు రంగుల బిళ్ళలు పొట్లం కట్టి, పొద్దున ఒక పొట్లం, రాత్రి ఒక పొట్లం అని ఇస్తే తీసుకోవద్దు. ఆ పొట్లంలో ఏముందో నీకు తెలియదు, రేపు ఆస్పత్రిలో డాక్టరు అడిగితే చెప్పలేవు. అలర్జీకి మాంటెలుకాస్ట్ కలిపిన మాత్ర వాడుతా ఉన్న బిడ్డ ఉంటే, నిద్రలో కలవరింతలు, విపరీతమైన కోపం, దిగులు కనబడితే డాక్టరుకు చెప్పు. 2020లో అమెరికా ఎఫ్‌డీఏ ఆ మందు మీద తన అత్యంత గట్టి హెచ్చరిక పెట్టింది ఇందుకే. నీ అంతట నువ్వు ఆపొద్దు, అడుగు.

ఒకవేళ పారాసిటమాల్ ఎక్కువైందని అనుమానమొస్తే, మనిషి బాగానే ఉండాడు కదా అని కాచుకోవద్దు. మొదటి దినం ఏమీ కనబడదు. వాంతి వచ్చినా జొరం వల్ల అనుకుంటాం. లోపల కాలేయం చెడిపోవడం రెండో దినం, మూడో దినం బయటపడుతుంది. దీనికి విరుగుడు మందు ఉంది, ఎసిటైల్‌సిస్టీన్ అంటారు. ఎనిమిది గంటల లోపల ఇస్తే బాగా పనిచేస్తుంది. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించొద్దు. షీట్లు, సీసాలు, ఏది ఎన్నింటికి వేసుకున్నారో రాసిన కాగితం పట్టుకొని నేరుగా ఆస్పత్రికి పో.

మా అత్త ఇప్పుడు బాగుంది. నిన్న నా అద్దాలు అడిగి తీసుకొని, తన బీపీ మాత్ర షీటు వెనకవైపు చదువుకుంటా కూచునింది.

నువ్వీ ఉత్తరం చదవడం ముగించగానే మీ ఇంట్లో మందుల డబ్బా కింద పరిచి, ఒక్కో షీటూ తిప్పి పారాసిటమాల్ అనే పేరు ఎన్నింటి మీద ఉందో లెక్కపెట్టు. తర్వాత పెన్సిలు తీసుకొని క్యాలెండరు మొదటి కాగితం మీద, అందరికీ కనబడేట్టు, ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం నంబరు రాయి. పగలూ రాత్రీ తీస్తారు, డబ్బు పడదు: 1800 116 117.